జెండాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ

వరంగల్ నుంచి మంచిర్యాల వరకు ఏ ఊరి కూడలిలో నిలబడినా నాలుగైదు రకాల జెండాలు కంటబడతాయి. బడి ముందు జాతీయ జెండా కోసం పాతిన ఇనుప గొట్టం, బస్టాండు దగ్గర పార్టీల గద్దెలు, హనుమాన్ గుడి మీద కాషాయం, దర్గా మీద ఆకుపచ్చ, ఇనుప చువ్వలు మోసుకుపోయే లారీ వెనుక ఎర్ర గుడ్డ. వీటిలో కొన్నిటికి చట్టం ఉంది, కొన్నిటికి ఆచారం ఉంది, మరికొన్నిటికి కేవలం వాడుక ఉంది. ఏ జెండాకు ఏది వర్తిస్తుందో తెలియక వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

జెండా రంగును బట్టి దాని అర్థం చెప్పవచ్చా?

చాలాసార్లు చెప్పలేము. గోదావరిఖనిలో గని గేటు దగ్గర ఎర్ర జెండా కార్మిక సంఘానిది. అక్కడికి కొద్ది దూరంలోనే ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గని దారి మీద అదే ఎర్ర జెండా కనిపిస్తే పేలుడు జరగబోతున్నదని, ముందుకు పోరాదని అర్థం. మొదటిదాని దగ్గరికి జనం చేరుతారు, రెండవదాన్ని చూసి వెనక్కి తిరుగుతారు. కాబట్టి రంగు కన్నా ముందు మూడు సంగతులు గమనించాలి: అది ఎక్కడ ఉన్నది, ఎవరు కట్టారు, చూసినవారు ఏమి చేయాలని కట్టారు. ఈ మూడింటికి జవాబు దొరికితే రంగు దానంతట అదే అర్థమవుతుంది.

మా ఇంటి మీద జాతీయ జెండాను ఏడాది పొడవునా ఎగురవేయవచ్చా? సాయంత్రం దించాలా?

ఏడాది పొడవునా ఎగురవేయవచ్చు. 2002 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన భారత పతాక నియమావళి సామాన్య పౌరులకు, ప్రైవేటు సంస్థలకు ఈ వీలు కల్పించింది. మర్యాదకు భంగం కలగకుండా జెండా ఎగురవేయడం రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చే భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సూర్యాస్తమయానికి దించాలన్న నియమం చాలాకాలం ఉండేది. 2022 జులైలో చేసిన సవరణతో ఆరుబయట గానీ ఇంటి మీద గానీ పౌరులు పగలూ రాత్రీ ఉంచుకోవచ్చు.

అయితే అనుమతి వచ్చినంత మాత్రాన బాధ్యత తగ్గలేదు. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. కాషాయం పైన ఉండాలి. గోడకు నిలువుగా వేలాడదీస్తే, ఎదురుగా నిలబడి చూసేవారికి కాషాయ పట్టీ ఎడమవైపున కనిపించాలి. ఈ ఒక్క విషయంలో ఫంక్షన్ హాళ్ల అలంకరణవారు తరచుగా పొరబడుతున్నారు. ఒకే కర్రకు జాతీయ జెండాతోపాటు మరో జెండా కట్టరాదు, దానికన్నా ఎత్తున గానీ దానికి సరిసమానంగా పక్కన గానీ ఇంకో జెండా ఉంచరాదు. జెండా మీద ఏమీ రాయరాదు. నేలను, నీటిని తాకనీయరాదు. డాబా మీది నీళ్ల ట్యాంకుకు కట్టేవారు ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే గాలి తగ్గినప్పుడు గుడ్డ జారి తడి గచ్చు మీద పడుతుంది. కర్రను పిట్టగోడకు బిగించడమే మంచిది.

ఆగస్టు 15కు, జనవరి 26కు జెండా ఎగురవేసే పద్ధతిలో తేడా ఉందా?

ఢిల్లీలో జరిగే ఉత్సవాల్లో ఉంది. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధానమంత్రి జెండాను కింది నుంచి తాడుతో పైకి లాగి ఎగురవేస్తారు. జనవరి 26న జెండాను ముందే కర్ర పైభాగాన మడిచి కట్టి ఉంచుతారు, రాష్ట్రపతి దాన్ని విప్పి ఆవిష్కరిస్తారు. మన బడుల్లో, గ్రామ పంచాయతీల్లో మాత్రం రెండు రోజులూ పూలు పెట్టి మడిచి పైన కట్టి విప్పడమే వాడుక. విప్పేముందు జెండాలో పూల రేకులు ఉంచడానికి నియమావళి అంగీకరిస్తుంది కనుక ఇందులో తప్పు లేదు.

తప్పు జరిగేది ముడి దగ్గర. పూల మూట జారిపోతుందన్న భయంతో పీఈటీ సారో, అటెండరో రెండు చుట్లు ఎక్కువ వేస్తారు. తెల్లవారి సర్పంచ్ ఎంత లాగినా ముడి విడదు, పిల్లలు జాతీయ గీతం ఎత్తుకోవాలా వద్దా అని టీచర్ల వైపు చూస్తుంటారు. ఒకే లాగుకు విడిపోయే జారుముడి వేయాలి, లాగవలసిన కొస ఏదో తెలిసేలా దానికి చిన్న గుర్తు కట్టాలి, ముందురోజు సాయంత్రమే ఒకసారి విప్పి చూసుకోవాలి, కప్పీకి నాలుగు చుక్కల నూనె వేయాలి. మంచు కురిసే జనవరిలో నూలు తాడు బిగుసుకుంటుంది కనుక నైలాన్ తాడు మేలు.

పాలిస్టర్ జెండా చెల్లుతుందా? ఖాదీదే కొనాలా?

రెండూ చెల్లుతాయి. ఒకప్పుడు చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డకే నియమావళి ఒప్పుకునేది. 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో మరమగ్గం మీద నేసిన గుడ్డకు, పాలిస్టర్‌కు కూడా అనుమతి లభించింది. 2022లో ఇంటింటా జెండా ఎగురవేయాలన్న పిలుపు వచ్చినప్పుడు పోస్టాఫీసుల్లో 25 రూపాయలకు అమ్మిన జెండాలు ఈ సవరణ వల్లనే సాధ్యమయ్యాయి. కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గరి బెంగేరి ఖాదీ కేంద్రం భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తింపుతో చాలాకాలంగా ఖాదీ జెండాలు తయారు చేస్తున్నది. ఆ పనివారికి ఈ మార్పు నచ్చలేదు, దానికి కారణమూ ఉంది.

మన దగ్గర సిరిసిల్ల సంగతి వేరు. అక్కడి మరమగ్గాలు పాలిస్టర్ గుడ్డకు పేరుపొందినవి కనుక ఎన్నికలు వస్తే పార్టీల జెండాలకు, కండువాలకు అక్కడ గిరాకీ పెరుగుతుంది. ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద ఒకరినొకరు తిట్టుకునే రెండు పార్టీల గుడ్డ నడుస్తుంటే, నేసేవారికి అది మీటర్ల లెక్కే తప్ప మరొకటి కాదు. పార్టీ మారడాన్ని మన దగ్గర 'కండువా కప్పుకోవడం' అంటాము కదా, ఆ కండువా కూడా మెడకు చేరిన జెండాయే.

చినిగిన జాతీయ జెండాను ఏమి చేయాలి? పండుగ మరునాడు రోడ్డు మీద పడి ఉన్న కాగితం జెండాల సంగతి ఏమిటి?

చినిగిన, వెలిసిన జెండాను ఎగురవేయరాదు. దాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా, ఏకాంతంగా, గౌరవానికి లోటు రాకుండా కాల్చివేయడం గానీ మరో మర్యాదకరమైన పద్ధతిలో తొలగించడం గానీ చేయాలని నియమావళి చెబుతున్నది. తుడుపు గుడ్డగా, సంచిగా, ట్రాక్టరు సీటు మీది కప్పుగా వాడరాదు. కాగితం జెండాలకూ ఇదే వర్తిస్తుంది. వాటిని నేల మీద పారవేయరాదు. ప్లాస్టిక్ జెండాలు మట్టిలో కలవవు కనుక వాటిని వాడవద్దని కేంద్ర హోంశాఖ పదేపదే చెబుతున్నా, ఆగస్టు రాగానే సిగ్నళ్ల దగ్గర అవే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. కావాలని చేసిన అవమానానికి 1971 నాటి చట్టం కింద మూడేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ విధించవచ్చు.

కారు మీద జాతీయ జెండా పెట్టుకోవచ్చా?

కర్రకు కట్టి కారు మీద ఎగురవేసే హక్కు రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు, హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వంటి కొందరికే ఉంది. బానెట్ మీదా, టాపు మీదా, పక్కలకూ వెనుకకూ పరచడం ఎవరికీ తగదు.

సెప్టెంబరు 17న అందరూ జాతీయ జెండానే ఎగురవేస్తారు కదా, మరి ఆ రోజుకు ఇన్ని పేర్లు ఎందుకు?

1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ రోజును కొందరు విమోచనమని, కొందరు విలీనమని, కొందరు విద్రోహమని అంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. కేంద్రం విమోచన దినోత్సవమనే జరుపుతున్నది. జెండా ఒకటే అయినా కింద నిలబడి మాట్లాడేవారు ఏ పేరు వాడుతున్నారన్నదాన్ని బట్టి సభ ఎవరిదో తెలిసిపోతుంది.

ఈ వివాదంలో పడి మనవాళ్లు అంతకు ముందరి రెండేళ్లను మరచిపోతున్నారని మా అభిప్రాయం. నిజాం రాజ్యంలో అధికారికంగా ఎగిరినది పసుపు రంగు ఆసఫ్‌జాహీ జెండా. దాని మధ్యలోని గుండ్రటి గుర్తు కుల్చా రొట్టె అని, వంశ మూలపురుషుడికి ఒక సాధువు పసుపు గుడ్డలో చుట్టి ఇచ్చిన రొట్టెలకు అది గుర్తు అని జనశ్రుతి. ఆ రోజుల్లో మూడు రంగుల జెండా ఎత్తడం రాజద్రోహం కింద లెక్క. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగురవేసినందుకు రజాకార్లు దాడి చేసి బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపారు. అప్పటి జెండాలో మధ్యన ఉన్నది అశోక చక్రం కాదు, రాట్నం. 24 ఆకుల చక్రంతో ఉన్న నేటి రూపాన్ని రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. ఢిల్లీలో స్వతంత్ర ప్రభుత్వం ఏర్పడిన తరువాత కూడా మన దగ్గర పరిస్థితి మారలేదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగురవేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కదిలివచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. పరకాల అమరధామంలో చూసే శిల్పాలు ఆ ఘటనవే. పిల్లలకు సెప్టెంబరు 17 గురించి చెప్పేవారు ముందు పరకాలకు తీసుకుపోవడం మంచిది.

ఎనుమాముల మార్కెట్‌లో 'జెండా పాట' అంటే ఏమిటి? నా మిర్చికి ఆ ధర ఎందుకు రాలేదు?

ఇది జెండాల్లో అన్నిటికన్నా డబ్బుతో ముడిపడినది, అందుకే ఎక్కువ మంది అడిగే ప్రశ్న. వరంగల్ ఎనుమాములలో, ఖమ్మంలో పొద్దున యార్డులో జెండా ఎత్తి ఆనాటి మొదటి వేలం మొదలుపెట్టే పద్ధతి ఉంది. మార్కెట్ అధికారులు, అడ్తిదారులు (కమీషన్ ఏజెంట్లు), ఖరీదుదారులు, రైతులు చుట్టూ మూగి ఉండగా మంచి సరుకున్న బస్తాల దగ్గర పాట పాడతారు. ఖరీదుదారు కాయను చేతిలోకి తీసుకొని విరిచి, రంగు చూసి, గింజ చప్పుడు విని, గుప్పిట బిగించి తేమ అంచనా వేసి ధర పెంచుతాడు. చివరికి ఆగిన ధర జెండా పాట. ఆ రకానికి ఆ రోజు పలికిన పై ధరగా మరునాటి పత్రికల్లో వచ్చేది అదే.

రైతు నొచ్చుకునేది ఇక్కడే. జెండా పాట కొన్ని బస్తాలకు పాడిన ధర, యార్డు మొత్తానికి ఇచ్చిన హామీ కాదు. తరువాత ఖరీదుదారులు వరుసగా తిరుగుతూ ఒక్కొక్క రైతు సరుకుకు విడివిడిగా ధర కడతారు, అందులో ఎక్కువ భాగం జెండా పాట కన్నా తక్కువకే పోతుంది. తేమ ఉందని, తాలుకాయ (రంగు పోయిన నాసిరకం కాయ) కలిసిందని, రంగు తిరిగిందని కారణాలు చెబుతారు. కొన్ని నిజం, కొన్ని సాకు. పొద్దున జెండా ధర విని ఆశపడి, మధ్యాహ్నం తక్‌పట్టీ (ధర, తూకం రాసి ఇచ్చే చీటీ) చూసి గొడవకు దిగిన సందర్భాలు ఈ యార్డుకు కొత్త కావు.

చేయగలిగినది కొంత ఉంది. కల్లంలోనే తాలు ఏరి వేరే బస్తాల్లో నింపాలి, ఎందుకంటే పది కాయల్లో ఒక తాలుకాయ కనబడినా బస్తా మొత్తానికి ధర పడిపోతుంది. తేజా, వండర్ హాట్, చపాటా వంటి రకాలకు ధరలు వేరువేరు కనుక మీ రకం జెండా పాటనే అడగాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చిని తేజా ధరతో పోల్చడం కుదరదు. కాంటా మీ కళ్లెదుట జరగాలి, దడ్వాయి (తూకం వేసే మనిషి) చెప్పిన తూకం మీరు కూడా రాసుకోవాలి, తక్‌పట్టీ చేతికి రాకుండా యార్డు విడిచిపోరాదు. ధర నచ్చకపోతే అమ్మను అనే హక్కు రైతుకు ఉంది. ట్రాలీ కిరాయి, అప్పుల గడువు ఆ హక్కును వాడుకోనివ్వవన్నది వేరే సంగతి.

ఊళ్లో జెండా గద్దె కట్టడానికి ఎవరి అనుమతి కావాలి? ఎన్నికలప్పుడు వాటికి ముసుగు ఎందుకు వేస్తారు?

కూడలి స్థలం పంచాయతీదో మున్సిపాలిటీదో రోడ్లశాఖదో అవుతుంది కనుక వారి అనుమతి తీసుకోవాలి. వాస్తవంలో చాలా గద్దెలు ఒక రాత్రిలో లేచినవే. సిమెంటుతో మూడు మెట్లు, వాటి మధ్య ఇనుప గొట్టం, చుట్టూ పార్టీ రంగు, ముందు ఆవిష్కరించిన నాయకుడి పేరుతో నల్లరాయి పలక. ఇంత చిన్న కట్టడం మీద ఊళ్లో ఎంత పట్టుదల ఉంటుందో బయటివారికి అర్థం కాదు. రోడ్డు వెడల్పులో ఇల్లు పోతే నష్టపరిహారం గురించి మాట్లాడేవారు, గద్దె పోతే ఠాణా ముందు బైఠాయిస్తారు.

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే ప్రవర్తనా నియమావళి అమలులోకి వస్తుంది. ప్రభుత్వ భవనాల మీది పార్టీ జెండాలు, రాతలు 24 గంటల్లో, బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేకుండా ఉన్నవి 72 గంటల్లో తొలగించాలి. గద్దెలను కూలగొట్టడం కష్టం కనుక గుడ్డ కప్పుతారు, లేదా సున్నం వేస్తారు. మీ గోడ మీద మీ ఇష్టంతోనే జెండా కట్టుకున్నా, అధికారులు అడిగితే అది మీ ఇష్టమేనని చెప్పవలసి ఉంటుంది.

బొగ్గు గనుల దగ్గర ఎర్ర జెండా కనిపిస్తే ఆగాలా?

గని గేటు దగ్గరైతే అవసరం లేదు, అది గేట్ మీటింగ్ కావచ్చు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం (కార్మికులందరి తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం) ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో జరుగుతున్నాయి. ఆ ఎన్నికల రోజుల్లో ఎరుపు, మూడు రంగులు, గులాబీ పక్కపక్కనే ఎగురుతాయి. 2023 డిసెంబరు ఎన్నికలో కార్మిక సంఘం ఏఐటీయూసీ గెలవడంతో ఎర్ర జెండా గుర్తింపు సంఘం జెండా అయింది.

ఓపెన్‌కాస్ట్ గని పక్కన, గ్రానైట్ క్వారీ దారి మీద మనిషి ఎర్ర జెండా పట్టుకొని నిలబడితే మాత్రం బండి అక్కడే ఆపాలి. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగించి దారులన్నిటి మీద కాపలా పెడతారు. పేలుడు శబ్దం వినబడగానే కదలరాదు, కాపలా మనిషి జెండా దించి చెప్పేదాకా ఉండాలి. పేలకుండా మిగిలిన మందు ఉన్నదో లేదో చూసిన తరువాతే దారి వదులుతారు. గని లోపల తిరిగే జీపులకు పొడవైన కర్రకు జెండా కట్టడం కూడా భద్రత కోసమే: ఎత్తైన డంపర్ నడిపేవాడికి ముందున్న చిన్న బండి కనబడదు, ఆ కర్ర కొస మీది గుడ్డ కనబడుతుంది.

రైలు పట్టాల మీద అడ్డంగా ఎర్ర గుడ్డ కట్టి ఉంటే దాని అర్థం ఏమిటి?

ముందు పట్టా పని జరుగుతున్నదని, రైలు ఆగాలని. రెండు కర్రల మధ్య పట్టాలకు అడ్డంగా కట్టే ఆ గుడ్డను బ్యానర్ ఫ్లాగ్ అంటారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపు మూడు దారులు విడిపోతాయి కనుక మన ప్రాంతంలో ఈ పనులు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి. పొలానికి పోతూ దాన్ని పక్కకు జరిపినా, గుడ్డ పనికొస్తుందని విప్పుకుపోయినా అవతల పనిచేసేవారి ప్రాణాలతో ఆడుకున్నట్టే. పట్టా విరిగినట్టు మీకే కనబడితే ఎర్ర గుడ్డ కోసం వెతకనవసరం లేదు. రెండు చేతులూ తలపైకి ఎత్తినా, చేతిలోని తువ్వాలను గట్టిగా ఊపినా డ్రైవర్‌కు అది ప్రమాద సంకేతమే. వెంటనే దగ్గరి గేటువారికి గానీ 139 నంబరుకు గానీ తెలపాలి.

గుడిలో ధ్వజారోహణం అయిన తరువాత ఊరు దాటరాదంటారు, నిజమేనా?

అది ఆచారం, శాసనం కాదు. బ్రహ్మోత్సవాల మొదటి రోజున విష్ణ్వాలయంలో గరుడుడి బొమ్మ, శివాలయంలో నంది బొమ్మ గీసిన గుడ్డను ధ్వజస్తంభానికి ఎక్కించి దేవతలను ఉత్సవానికి పిలుస్తారు. చివరి రోజున దించి సాగనంపుతారు. ఇంటికి చుట్టాలను పిలిచి మనం బయటికి పోరాదన్నట్టు, అంతవరకు ఊళ్లోవారు ఊళ్లోనే ఉండాలని పెద్దలు అంటారు. ఉద్యోగాల కాలంలో దీన్ని పట్టించుకునేవారు తక్కువ.

దర్గా మీది ఆకుపచ్చ జెండా పరాయి దేశపు జెండానా?

కాదు. నెలవంక కనబడగానే అలా అనుకొని ఫోన్లలో చిత్రాలు పంచుకోవడం వల్ల అనవసరమైన గొడవలు వస్తున్నాయి. పాకిస్తాన్ జెండాకు కర్ర వైపున నిలువుగా తెల్ల పట్టీ తప్పనిసరిగా ఉంటుంది. దర్గాల మీద, మిలాద్ ఊరేగింపుల్లో కనిపించే జెండాలకు అది ఉండదు. కాజీపేట దర్గా ఉర్సుకు, పర్వతగిరి మండలంలోని అన్నారం దర్గాకు వచ్చేవారిలో హిందువులు ఎంతమంది ఉంటారో ఒకసారి వెళ్లి చూస్తే చాలు.

మొహర్రంలో ఎత్తే పీరీలు కూడా మూలంలో యుద్ధ పతాకాలే, కర్బలా వీరుల గుర్తులు. లోహంతో చేసిన హస్తం వంటి రూపాన్ని కర్రకు బిగించి, మొక్కుకున్నవారు ఇచ్చిన రంగురంగుల దట్టీలు (గుడ్డ పట్టీలు) చుట్టి, ఊదు పొగ మధ్య గుండం చుట్టూ ఆడిస్తారు. ముస్లిం కుటుంబం ఒక్కటి కూడా లేని ఊళ్లలో సైతం గౌడులో ముదిరాజులో పీరీని ఎత్తుకోవడం, మలీదా పంచడం ఉత్తర తెలంగాణలో మామూలు సంగతి.

మేడారంలో డోలీలు (కోయల వంశ కథలు పాడేవారు) విప్పి చూపే పడిగె ఏమిటి? ఫొటో తీయవచ్చా?

పడిగె కోయల ఇలవేల్పు జెండా. త్రికోణాకారంలో పొడవుగా సాగే గుడ్డ మీద ఆ వంశపు మూలపురుషులు, వేల్పులు, జంతువులు బొమ్మలుగా ఉంటాయి. కోయల్లో గట్టు (వంశాల సమూహం) గట్టుకూ వేల్పులు వేరు, పడిగెలు వేరు. డోలీలు దాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగుతూ, డోలు వాయిస్తూ వంశ కథను పాడతారు. చదవను రాయను అక్కర లేకుండా తరాల చరిత్రను నిలిపిన ఈ గుడ్డను దూరం నుంచి మామూలు జెండాగా చూసి పోయేవారే ఎక్కువ. జాతర కోట్ల మందిది కావచ్చు, పడిగె మాత్రం ఒక ఇంటివారిది. కాబట్టి చేత్తో తాకరాదు. ఫొటో కావాలంటే పట్టుకున్న పెద్దమనిషిని అడగాలి, వద్దంటే ఊరుకోవాలి.

నల్ల జెండా చూపడం నేరమా?

శాంతియుతంగా నిరసన తెలపడం నేరం కాదు. తెలంగాణ ఉద్యమ కాలంలో నవంబరు 1న, అంటే 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తేదీన, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉత్సవం జరుగుతుండగా అదే వీధిలో నల్ల జెండాలు కట్టేవారు. కాన్వాయ్‌కు అడ్డం పడితే కేసు పెట్టేది దారి ఆపినందుకు, జెండా రంగుకు కాదు.

చనిపోయినవారి మీద ఏ జెండా కప్పవచ్చు?

జాతీయ జెండాను ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక లేదా కేంద్ర సాయుధ బలగాల గౌరవంతో జరిగే అంత్యక్రియల్లో మాత్రమే కప్పుతారు. చితికి నిప్పు పెట్టకముందే, గుంతలోకి దించకముందే దాన్ని తీసివేయాలి. కుటుంబం తమకు తాముగా కప్పడం సరి కాదు. పార్టీ జెండాకు, కార్మిక సంఘం జెండాకు ఇటువంటి నియమం ఏదీ లేదు. గనిలో పనిచేసి రిటైరైన కార్మికుడి మీద సంఘం వారు ఎర్ర జెండా కప్పి, నినాదాలిచ్చి, కొన్నిసార్లు దానితోనే సాగనంపుతారు. కుటుంబానికి ఇష్టమేనా అని ముందుగా పెద్ద కొడుకునో భార్యనో అడగడం పిట్ కార్యదర్శి (ఆ గనిలో సంఘం కార్యదర్శి) పని.